తుప్పుపట్టిన జీపు కొనబోయే ముందు



కోనసీమలో కొబ్బరితోటల చాటున, పాత పాకల కింద అక్కడక్కడ ఒక తుప్పుపట్టిన జీపు కనబడడం కద్దు. చక్రాలు నేలలో దిగబడి వుంటాయి. బానెట్టు మీద కొబ్బరిమట్ట పడి వుంటుంది. సీటు కింద కోడి పొదిగి వుంటుంది. "ఊరికే పడివుందండీ, తోచింది యిచ్చి పట్టుకెళ్ళండి" అంటాడు ఆసామి. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే లంకలోంచి అరటిగెలలు తెచ్చుకోవచ్చు, వానాకాలంలో పుంతలో దిగబడకుండా పోవచ్చు అని మనకూ ఆశ పుడుతుంది. ఆశ తప్పు కాదు. కాని సంతలో పళ్ళు చూడకుండా ఎద్దును కొనం గదా! జీపుకు కూడా పళ్ళున్నాయి. అవి ఎక్కడ వుంటాయో, ఎలా చూడాలో చెప్పుకుందాం.

ముందు యీ బండి మన దాకా ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో విందాం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కర్మాగారాలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్మడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజవికాస పథకం ఆరంభమైన తరువాత బ్లాకు అధికారి జీపు పల్లెపల్లెకూ వచ్చింది. మన రాష్ట్రంలో 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక దానికి "సమితి జీపు" అనే పేరే స్థిరపడింది. ఆ తరువాత వచ్చిన సీజే నమూనాలు, ఎం.ఎం. 540 వంటివి, సైన్యం వేలంలో అమ్మినవి, యివన్నీ చేతులు మారి మారి మన తోటల్లోకి చేరాయి.

ఇప్పుడు మొదటి సంగతి. జీపు ఆకారంలో వున్నదల్లా నాలుగు చక్రాలతో లాగదు. వెనుక చక్రాలు మాత్రమే లాగే జీపులు కూడా చాలా అమ్ముడుపోయాయి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా వుంటాయి. అంచేత బండి కిందికి వంగి చూడాలి. గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అని యింకొక చిన్న పెట్టె వుండాలి. దానినుంచి ఒక షాఫ్టు వెనుక ఇరుసుకు, యింకొకటి ముందు ఇరుసుకు పోవాలి. ముందు ఇరుసు మధ్యలో కూడా వెనుక దానికి మల్లేనే గుండ్రటి గుమ్మడికాయలాంటి భాగం వుండాలి. డ్రైవరు పక్కన గేరు కర్రతో పాటు మరొక చిన్న కర్రో, రెండు కర్రలో వుండాలి. కర్ర వుండి షాఫ్టు లేకపోతే, ఎవరో విప్పి అమ్ముకున్నారన్నమాట.

ఆ చిన్న కర్రలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, ముందు చక్రాలకు కూడా ఇంజను శక్తిని కలుపుతుంది. రెండోది, బండి వేగం తగ్గించి లాగే బలం పెంచుతుంది. పాత విల్లీస్ జీపులో యీ తగ్గింపు దాదాపు రెండున్నర రెట్లు. అంటే ఇంజను అదే అయినా, చక్రం దగ్గర బలం రెండున్నర రెట్లవుతుంది, వేగం ఆ మేరకు పడిపోతుంది. ఏతాం తొక్కినప్పుడు మొన బారు పెరిగితే ఏమవుతుందో మన పెద్దలకు తెలుసు. యిదీ ఆ లెక్కే.

అయితే రెండు హెచ్చరికలు. గట్టి తారురోడ్డు మీద ముందు చక్రాలను కలిపి నడపవద్దు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనుక చక్రాలు తక్కువ దూరం తిరుగుతాయి. బురదలో, యిసుకలో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారుమీద జారదు. ఆ బిగువంతా షాఫ్టుల మీద, పళ్ళచక్రాల మీద పడి అవి విరుగుతాయి. ఇక రెండోది, నాలుగు చక్రాల బండి దిగబడదనుకోవడం భ్రమ. ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం జారితే మామూలు జీపు అక్కడే నిలబడిపోతుంది. మన ఒండ్రుమట్టి వానకు ఎలా జారుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక పరీక్ష చాలామంది మరచిపోతారు. పాత బండికి వెనుక ఇరుసు పాడైతే వేరే నమూనా ఇరుసు తెచ్చి వేసేవాళ్ళున్నారు. ముందు, వెనుక క్రౌన్ పినియన్ల పళ్ళ నిష్పత్తి ఒకటి కాకపోతే నాలుగు చక్రాలూ కలిపిన మరుక్షణం అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. దీన్ని ఇంట్లోనే తేల్చవచ్చు. ఇంజను ఆపి, బండి న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు వదిలి, వెనుక ఇరుసును జాకీతో లేపి గట్టి దుంగల మీద నిలపండి. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీయండి. ఇద్దరు మనుషులు రెండు చక్రాలనూ కలిపి ఒకే దిక్కుగా పది చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తరువాత ముందు ఇరుసుకూ అలాగే చేయండి. లెక్క సరిపోతే సరే. సరిపోకపోతే ఆ బండి నాలుగు చక్రాల పనికి రాదు, ధర ఎంత తక్కువైనా సరే.

ఇక తుప్పు సంగతి. ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. నీటిలో ఉప్పు వుంటే ఆ పని యింకా చురుకుగా సాగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలోనే ఉప్పు వుంది. ఉప్పు చెమ్మను పట్టి వుంచుతుంది కాబట్టి వాన లేని రోజున కూడా ఇనుము తడిగానే వుంటుంది. పైగా తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల నడుమ పుట్టిన తుప్పు వాటిని చీల్చి విడదీస్తుంది.

అన్ని తుప్పులూ ఒకటి కావు. తలుపు మీద, మడ్‌గార్డు మీద తుప్పు చర్మం మీది గజ్జిలాంటిది. రేకు మార్చుకోవచ్చు. చాసిస్‌కు పట్టిన తుప్పు ఎముకకు పట్టిన రోగం. చాసిస్ విరిగితే బండి మధ్యకు ముడుచుకుపోతుంది. కాలవగట్టు మీద పిల్లలను ఎక్కించుకుని పోతున్నప్పుడు అది జరిగితే పోయేది డబ్బు కాదు. అంచేత యీ పరీక్షకు సిగ్గుపడవద్దు, అమ్మేవాడు చిన్నబుచ్చుకుంటాడని మానవద్దు.

ఒక చిన్న సుత్తి, ఒక మొనగల స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం పట్టుకెళ్ళండి. చాసిస్ పొడుగునా సుత్తితో మెల్లగా కొట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. చచ్చిన ఇనుము బొదబొదమంటుంది. అనుమానం వచ్చినచోట మొనతో పొడవండి. మొన లోపలికి దిగితే అక్కడ ఇనుము లేదు, రంగు మాత్రమే వుంది. ముఖ్యంగా కమాను కట్టలు చాసిస్‌కు తగిలించే చోట్లు, స్టీరింగు పెట్టె బిగించే చోటు, అడ్డపట్టీల అతుకులు చూడాలి. బురద పేరుకునేదీ, బరువు పడేదీ అక్కడే. బాడీ మీద అయస్కాంతం పెట్టండి. అంటుకోని చోట పుట్టీ పూసి రంగు వేశారని గ్రహించండి. కొత్తగా నల్లరంగు దట్టంగా పూసిన చాసిస్ కనబడితే మరీ జాగ్రత్త.

కోనసీమలో మరొక ప్రశ్న అడిగి తీరాలి: "యీ బండి వరదనీట మునిగిందా?" 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను, 2022 జూలై వరద యిక్కడివారు మరువలేనివి. మునిగిన బండి పైకి ఎండిపోతుంది, లోపల ఎండదు. ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసుల బిరడాలు విప్పించి నూనె చూడండి. నూనె మజ్జిగలా తెల్లబడితే నీరు చేరింది. చేతికి ఇనుప మెరుపులు అంటితే పళ్ళు అరిగాయి. పాత జీపు ముందు చక్రాల వెనుక బంతిలాంటి గుండ్లు వుంటాయి. వాటి చుట్టూ సీలు చిరిగితే బురదనీరు లోపలికి పోయి అక్కడి కీళ్ళను తినేస్తుంది.

బండి బాగున్నా, కాగితాలు బాగుండాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజను నెంబరు, చాసిస్ నెంబరు బండిమీది వాటితో అక్షరం తప్పకుండా సరిపోవాలి. చాసిస్ నెంబరున్న చోటే తుప్పు తినేసి వుంటే, అధికారి చేత ముందు చూపించుకోకుండా బయానా యివ్వకండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగింది. కాబట్టి ప్రస్తుతం ఎంతో రవాణా కార్యాలయంలో అడిగి ఖర్చులో కలుపుకోండి. పేరు మార్పిడికి 29, 30 నెంబరు ఫారాలు కావాలి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడినుంచి నిరభ్యంతర పత్రం రావాలి. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు 35వ నెంబరు ఫారం వుండాలి. సైన్యం వేలంలో కొని, రిజిస్ట్రేషన్ చేయించకుండానే చేతులు మారిన బండ్లు కూడా వున్నాయి. అసలు వేలం కాగితాలు లేకపోతే వాటి జోలికి పోవద్దు.

అమ్మేవారికి కూడా ఒక మాట. పేరు మార్పిడి కాకుండా బండి పంపేసి చేతులు దులుపుకోవద్దు. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాదం జరిగితే బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

"రెండు చక్రాల లాగుడు బండి కొని, ముందు ఇరుసు వేసి నాలుగు చక్రాలది చేసుకుంటే పోలేదా?" అని అడుగుతారు. మేస్త్రి చేయగలడు. కాని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని తయారీదారు యిచ్చిన రూపంనుంచి మార్చడానికి ఒప్పుకోదు. ఇంజను మార్చినా అనుమతి తీసుకుని పత్రంలో రాయించుకోవాలి. కాబట్టి పుట్టుకతో నాలుగు చక్రాల బండినే వెతకండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక కాగితం తీసుకుని చాసిస్, ఇంజను, రెండు ఇరుసులు, బ్రేకులు, టైర్లు, కాగితాలు అని విడివిడిగా రాయండి. ఒక్కొక్కదానికి ఎంతవుతుందో మీ సొంత మేస్త్రి చేత చెప్పించండి. మొత్తానికి మూడోవంతు కలపండి, ఎందుకంటే విప్పాక బయటపడేవి వుంటాయి. బండి ధర చివరన రాయండి. అంతా కలిపిన మొత్తాన్ని, మీకు ఏడాదిలో అవసరమైన రోజులకు ట్రాక్టరు, ట్రక్కు కిరాయికి తెచ్చుకుంటే అయ్యే ఖర్చుతో పోల్చండి. ఏడాదికి పది రోజుల పనికి జీపు పెట్టుకోవడం ఏనుగును మేపడమే.

బరువు సంగతీ మరువరాదు. యుద్ధకాలపు జీపును సైన్యం పావుటన్ను బండి అని పిలిచింది. దింపిన కాయ ఒక్కొక్కటి కిలో చొప్పున అనుకుంటే 250 కాయలతోనే పావుటన్ను నిండుతుంది. తరువాతి నమూనాలు కొంత ఎక్కువ మోస్తాయి. ఎంత మోయవచ్చో పత్రంలో చూసుకోండి. జీపును లారీ అనుకుని అంబాజీపేట సంతకు కాయలు కుక్కి తోలితే చాసిస్ మొదట చెబుతుంది, బ్రేకు తరువాత చెబుతుంది. కిరాయికి తిప్పదలిస్తే ఆ నియమాలు వేరే వున్నాయి.

అన్నీ చూసుకుని కొన్నారు. అప్పుడు మొదట బ్రేకులు, రెండోది చాసిస్, చివరిది రంగు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఇంధనపు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకేగదా అనవద్దు. నిండు ట్యాంకుకంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. తుప్పును తీగబ్రష్షుతో బాగా గీకి, రెడాక్సైడు పూసి, ఆరాక రంగు వేయాలి. తుప్పు మీదనే రంగు వేస్తే కుళ్ళిన పండుకు కాగితం చుట్టినట్టే. సముద్రపుటొడ్డుకు వెళ్ళివచ్చిన రోజున అడుగుభాగం మంచినీటితో కడగండి. చాసిస్‌కున్న నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడకుండా చూడండి.

విస్తరణ కార్యకర్తలకు చివరి మనవి. రైతు బండి కొంటానని మీతో అంటే "మంచిదే" అని వూరుకోకండి, "వద్దు" అని కొట్టిపారేయకండి. సుత్తి పట్టుకుని కూడా వెళ్ళండి. ఆ గంటసేపు శ్రమ ఒక రైతు ఏడాది దింపు సొమ్మును కాపాడవచ్చు. రైతు సోదరులారా, మీరు కూడా ఒక్క నియమం పెట్టుకోండి: చూసిన రోజున కొనవద్దు. బండి చూసి, ఇంటికి వచ్చి, ఆ లెక్క కాగితం ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించండి. రాత్రి నిద్రపోయి లేచాక కూడా బేరం లాభంగానే కనబడితే, అప్పుడు బయానా పట్టుకుని వెళ్ళండి.