సరస్సుపై తేలిన రేడియో దూరదర్శిని

ఆకాశమును పరీక్షించువారికి చెరువునీటితో నేమి పనియని వట్లూరు, ఏలూరు ప్రాంతపు చదువరు లడుగవచ్చును. కొల్లేటి నీటి విలువ నెఱిగినవారికిని ఈ విలువ క్రొత్తదే.

విశ్వమున తొలి నక్షత్రములు వెలిగిన కాలమునందలి ఉదజని వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగమును కొంత మ్రింగినదని శాస్త్రజ్ఞుల యూహ. విశ్వము వ్యాకోచించుటచే నా తరంగము సాగి, నేడు మీటర్ల పొడవున మనకు చేరును. 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాలో నిలిపిన ‘ఎడ్జెస్’ పరికరముతో 78 మెగాహెర్ట్జుల యొద్ద ఆ జాడను కనుగొంటిమని ప్రకటించిరి. అది యెదురుచూచినదానికంటె మిక్కిలి లోతైనది. భౌతికశాస్త్రమునే దిద్దవలయునేమో యని పండితులు వాదములకు దిగిరి.

బెంగుళూరి రామన్ పరిశోధనాలయమున రవి సుబ్రహ్మణ్యన్, ఉదయశంకర్, మయూరి రావు, సౌరభ్ సింగ్ మున్నగువారు తొందరపడలేదు. వారి ‘సరస్ 2’ పరికరము అంతకు ముందే మన నాటి అనంతపురము జిల్లాలోని టింబక్టు ప్రదేశమున ఆకాశమును వినియుండెను. కాని నేలకును స్వరమున్నది. మట్టి పొరలుపొరలుగా నుండుటచే కొలతలలో లేని ముడుతలను కల్పించును. నీరు అడుగునుండి పైదాక నొక్కతీరు. కనుక 2020లో ‘సరస్ 3’ను కర్ణాటకములోని దండిగానహళ్ళి చెరువుపైనను, శరావతి వెనుకజలములపైనను తెప్పవలె తేలించిరి. ఎడ్జెస్ వర్ణించిన జాడ కానరాలేదు. 95.3 శాతము నిశ్చయముతో దానిని త్రోసిపుచ్చుచు 2022 ఫిబ్రవరిలో ‘నేచర్ ఆస్ట్రానమీ’ పత్రికలో ప్రకటించిరి. విదేశములనుండి వచ్చిన ప్రతిమాటకు తలయూపు మన పాత యలవాటును ఈ చిన్న బృందము విడిచినందులకు మాకు సంతోషము.

ఇంతకు మించిన చిక్కు మరియొకటి. ఎఫ్.ఎం. ప్రసారములు, యంత్రముల రొద వ్యాపింపని తావు భూమిపై నానాటికి కరవగుచున్నది. అందుచే ‘ప్రత్యూష్’ అను చిన్న ఉపగ్రహమును చంద్రునిచుట్టు త్రిప్పవలెనని వారు సంకల్పించిరి. చంద్రుని ఆవలివైపున మన రొద వినబడదు; చంద్రుడే యడ్డుగోడ.

కొల్లేటిపై నిట్టి పరికరము తేలింపవచ్చునా? వేసవిలో నీరు తరుగును. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసినవి. 2006లో ప్రభుత్వము అనేక గట్లను తెగగొట్టినను ఆ తగవు తీరలేదు. అయినను తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు, ఒక యాంటెనాతో కొల్లేటిగట్టున నొక రాత్రి కూర్చుండి, ఆ రేడియో రొద యెంతయో కొలువరాదా? దానికి కావలసినది బహుస్వల్పము.