సూది పంచుకుంటే రక్తం పంచుకున్నట్లే

మత్తుమందు మాట మన ఇండ్లలో గొంతు తగ్గించి పలికే మాట. రామభజన జరిగే ఇంట్లోనైనా ఆ అలవాటులో పడిన కుర్రవాడు ఉండవచ్చు. వానిచేత మాన్పించడం పెద్ద సంగతి. దానికి ఏండ్లు పట్టవచ్చు. మానేదాకా వాడు బ్రతికి ఉండాలి గదా! ఆ ముక్కే ఇక్కడ చెప్పదలచినాము.

మన మారిషస్‌లో హెరాయిన్ 1980 దశకంలో వ్యాపించింది. బ్రౌన్ షుగర్ అన్నారు. పొగ పీల్చినవారిలో అనేకులు పోను పోను సూదికి దిగారు. 2005లో కొత్తగా హెచ్.ఐ.వి. సోకినవారిలో నూటికి సుమారు 90 మంది సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారే.

నరం దొరికిందా లేదా అని చూడడానికి సిరంజి పిడిని వెనక్కు లాగుతారు. అప్పుడు రక్తం లోపలికి వస్తుంది. మందంతా ఎక్కించినా సూది మొదట్లో కంటికి ఆననంత మిగులుతుంది. ప్రయోగశాలలో చూడగా, సిరంజిలో హెచ్.ఐ.వి. క్రిమి 6 వారాల దాకా, హెపటైటిస్ సి క్రిమి 9 వారాల దాకా బ్రతికి ఉన్నవి. ఆరిపోయింది, ఇక భయం లేదనుకోవడం వట్టి భ్రమ. నీళ్ళతో కడిగితే చాలదు. బ్లీచు కూడ కొత్త సూదికి సాటి రాదు; ఏదీ దొరకనప్పటి ఆఖరి ఉపాయమే. సూదులు వేరైనా మందు కరిగించే చెంచా, వడకట్టే దూది, నీళ్ళ గిన్నె ఒకటే అయితే హెపటైటిస్ వాటితోనే అంటుకుంటుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

2006లో చేసిన చట్టం సూదుల మార్పిడికి దారి ఇచ్చింది. పాతది తెచ్చిస్తే కొత్తది ఊరకే ఇస్తారు. అదే ఏట మెథడోన్ వచ్చింది. నోటితో త్రాగేది గనుక సూదితో పని లేదు. దురలవాటును పోషిస్తున్నారా అని మన పెద్దలు కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని సూదులిచ్చినందువలన మత్తు వాడేవారు పెరిగినట్లు పరిశీలనలలో తేలలేదు. ఇక్కడ మాత్రం పదేండ్లలో ఆ 90 వంతు సగం కన్న తక్కువకు దిగింది. హెపటైటిస్ సి నేడు మాత్రలతో నయమయ్యే జబ్బు. పరీక్షకు వెళ్ళడమే కష్టంగా ఉన్నది, సిగ్గు వలన.

ఇంట్లో సూది కనబడితే చెరకు తోటలోకి విసరవద్దు. కోతకు వెళ్ళినవారి కాలికి గుచ్చుకుంటుంది. మూత తొడగబోకుండా, గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి బిగించి, ఆరోగ్య కేంద్రంలో అడిగి అప్పగించండి. గుచ్చుకుంటే పిండవద్దు, నోట పెట్టవద్దు. సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందు 72 గంటల లోపల మొదలుపెట్టాలి.