ఒప్పుకోలు నోటీసు వస్తే పక్కన పెట్టరాదు

సంగం జాగర్లమూడి (తెనాలి): ప్రోనోటు తగవు కోర్టుకు ఎక్కితే మొదట తేలవలసినది సంతకం ఎవరిదన్న సంగతే. ప్రతివాది కాదంటే సాక్షులను పిలిపించాలి, అవసరమైతే చేవ్రాత నిపుణుని అభిప్రాయం తీసుకోవాలి. ఇరుపక్షాలకూ తెలిసిన విషయాన్నే రుజువు చేయడానికి వాయిదాలు గడిచిపోతాయి. ఈ శ్రమను తగ్గించేందుకే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పన్నెండో ఆర్డరును చేర్చారు. దావాలోని ఒక పక్షం రెండో పక్షానికి నోటీసు ఇచ్చి, ఫలానా పత్రాన్ని లేదా ఫలానా వాస్తవాన్ని ఒప్పుకొమ్మని కోరవచ్చు.

ఈ నోటీసు ఎదుటి పక్షం నుంచి వస్తుంది. కోర్టు సమను కాదు గదా అని కొందరు దీనిని పట్టించుకోరు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పత్రాల విషయంలో నోటీసు అందిన 7 రోజుల్లో బదులివ్వాలి. జవాబు దావాలో గాని, నోటీసుకు ఇచ్చే బదులులో గాని కాదనకుంటే ఆ పత్రాన్ని ఒప్పుకున్నట్లే భావిస్తారు. అయినా రుజువు కావాలని కోరే అధికారం కోర్టుకు ఉంది. వాస్తవాల విషయంలో విచారణ తేదీకి కనీసం 9 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, బదులుకు గడువు 6 రోజులు. ఈ గడువును కోర్టు పొడిగించవచ్చు. ఇక్కడ మౌనం వహించినంత మాత్రాన ఒప్పుకున్నట్లు కాదు. అయితే ఆ వాస్తవాన్ని రుజువు చేయడానికి అయిన ఖర్చును, కోర్టు వేరుగా ఆదేశిస్తే తప్ప, దావా గెలిచినా ఓడినా బదులివ్వని పక్షమే భరించాలి.

ఉదాహరణకు, సంగం జాగర్లమూడి రైతు ఒకరు తెనాలి వ్యాపారి వద్ద ప్రోనోటుపై రూ.2 లక్షలు తీసుకొని, పంట అమ్మగానే రూ.50 వేలు కట్టారనుకుందాం. నోటు వెనుక చెల్లు వేయించుకోలేదు. వ్యాపారి మొత్తం బాకీకి దావా వేసి, సంతకం ఒప్పుకొమ్మని నోటీసు పంపారు. రైతు 'సంతకం నాదే' అని ఊరుకుంటే నష్టపోతారు. నోటు రాసి ఇచ్చినట్లు తేలితే సొమ్ము ముట్టిందనే భావించాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ చెబుతోంది. కాదని చూపవలసిన భారం అప్పుడు రైతుదే. కనుక సంతకం ఒప్పుకుంటూనే, కట్టిన రూ.50 వేల సంగతి అదే బదులులో రాయాలి. ఖాళీ నోటుపై సంతకం చేయించుకున్నారన్నది వాదమైతే దానినీ అక్కడే చెప్పాలి. నోటీసు హక్కు రైతుకూ ఉంది. ఫలానా తేదీన రూ.50 వేలు అందినట్లు ఒప్పుకొమ్మని ఆయన వ్యాపారిని అడగవచ్చు. ఈ అవకాశాన్ని ప్రతివాదులు మరవడమే ఎక్కువ.

స్పష్టమైన ఒప్పుకోలు ఉంటే మిగిలిన విచారణకు ఆగకుండా ఆ మేరకు కోర్టు తీర్పు ఇవ్వవచ్చు. ఒప్పుకున్న వాస్తవాన్ని మళ్లీ రుజువు చేయనవసరం లేదన్న పాత సాక్ష్య చట్టంలోని నియమం, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 53వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నోటీసుపై చేసిన వాస్తవాల ఒప్పుకోలు ఆ ఒక్క దావాకే పరిమితం. పొరపాటున ఒప్పుకుంటే కోర్టు అనుమతితో సవరించుకోవడానికి, ఉపసంహరించుకోవడానికి వీలిచ్చిన నిబంధన 2002 వరకు ఈ ఆర్డరులో ఉండేది, ఆ తర్వాత దానిని తొలగించారు.

న్యాయవాదిని పెట్టుకోలేని మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు తెనాలిలోని మండల న్యాయసేవాధికార సంస్థను ఉచిత సహాయం కోసం ఆశ్రయించవచ్చు. వెళ్లేటప్పుడు నోటీసుతో పాటు, అది అందిన తేదీ ఉన్న తపాలా కవరునూ తీసుకువెళ్లాలి. గడువు ఆ తేదీ నుంచే లెక్క.