ఎకరం పచ్చికకు ఎన్ని అంగుళాల యంత్రం?

అమెరికాలో నీరు పెట్టి పెంచే మొక్కల్లో అత్యధిక విస్తీర్ణం ఆక్రమించింది బహుశా తినడానికి పనికిరాని గడ్డే. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన క్రిస్టినా మిలేసీ, ఆమె సహచరులు 2005లో వెలువరించిన అంచనా ప్రకారం ఆ దేశంలో ఇళ్ల ముందు, వెనుక, పార్కుల్లో, గోల్ఫ్ మైదానాల్లో ఉన్న పచ్చిక మొత్తం సుమారు 1.6 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇది దాదాపు నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత. అక్కడ నీటి వసతితో సాగయ్యే మొక్కజొన్న విస్తీర్ణానికి ఇది మూడు రెట్లు.

ఆ గడ్డిని వేసవి పొడవునా ఎవరో ఒకరు కోస్తూనే ఉండాలి. చాలా ఊళ్లలో గడ్డి ఫలానా ఎత్తు దాటితే స్థానిక సంస్థ నోటీసు పంపుతుంది, కాలనీ సంఘం జరిమానా వేస్తుంది. డాలస్ శివార్లలోనో, నార్త్ కరోలినాలోనో అపార్ట్‌మెంటు వదిలి సొంతింటికి మారిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి మొదటి వేసవిలోనే తెలిసివస్తుంది. స్థలం పెద్దదైతే, కూర్చుని నడిపే రైడింగ్ మోవర్ గురించి ఆలోచన మొదలవుతుంది. దుకాణంలో వరుసగా నిలబెట్టిన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు యంత్రాల మీద హార్స్‌పవర్ అంకెలు పెద్దగా కనిపిస్తాయి. కొనేవాళ్లు చూడాల్సిన అంకెలు మాత్రం వేరు. వాటిలో కొన్ని యంత్రం మీద ఉండవు, పెరట్లో కొలుచుకోవాలి.

ముందు టేపు, తరువాత దుకాణం

ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. తెలంగాణ లెక్కలో 40 గుంటలు, ఆంధ్ర లెక్కలో 100 సెంట్లు. ఇంటి కాగితాల్లో ఎకరం అని ఉన్నా ఇల్లు, కారు దారి, చెట్ల పాదులు తీసేస్తే కోయాల్సింది తగ్గుతుంది. వీటికి 10,000 చదరపు అడుగులు పోయాయనుకుంటే మిగిలేది సుమారు 77 సెంట్లు.

మోవర్ అడుగున బ్లేడ్లు తిరిగే ఇనుప డొప్పను డెక్ అంటారు. దాని వెడల్పును అంగుళాల్లో, నడిపే వేగాన్ని గంటకు మైళ్లలో తీసుకుని రెండూ గుణించి 99తో భాగిస్తే గంటకు ఎన్ని ఎకరాలు కోయగలదో వస్తుంది. మలుపులకు, ఒక వరుస మీద ఇంకో వరుస కొంత పడటానికి అందులో 20 శాతం తీసేయాలి. 21 అంగుళాల తోపుడు మోవర్‌తో గంటకు 3 మైళ్ల వేగంతో నడిస్తే పైన చెప్పిన 77 సెంట్లకు గంటన్నర పడుతుంది, నడక దాదాపు 7 కిలోమీటర్లు. 42 అంగుళాల రైడింగ్ మోవర్ మీద 4 మైళ్ల వేగంతో అదే పని 34 నిమిషాలు. అంతకన్నా ఖరీదైన 54 అంగుళాల యంత్రం అదే వేగంతో 27 నిమిషాల్లో ముగిస్తుంది.

ఆ ఏడు నిమిషాల కోసం ఎంత డబ్బు పెట్టవచ్చన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. ఎకరం లోపు స్థలానికి 42 అంగుళాలు దాటడం చాలామందికి అనవసరమనే ఈ లెక్క చెబుతుంది. అర ఎకరం లోపైతే అసలు రైడింగ్ మోవర్ అవసరమేనా అని కూడా ఒకసారి అడుగుకోవాలి. వెడల్పాటి డెక్‌కు మరో ఇబ్బంది ఉంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట దాని ఒక అంచు గుట్టను గీరేస్తే, రెండో అంచు పల్లంలో గడ్డిని వదిలేస్తుంది. పెరటి గేటు 36 అంగుళాలుంటే 42 అంగుళాల డెక్ దాంట్లోంచి వెళ్లనే వెళ్లదు. పక్కన గడ్డి బయటకు చిమ్మే మూతి ఇంకొన్ని అంగుళాలు పొడుచుకొని ఉంటుంది కనుక దాన్నీ కలుపుకొని కొలవాలి.

ఇక్కడి గరికే అక్కడి బెర్ముడా

టెక్సాస్, జార్జియా వంటి వేడి రాష్ట్రాల పచ్చికల్లో ఎక్కువగా కనిపించే బెర్ముడా గడ్డి శాస్త్రీయనామం సైనోడాన్ డాక్టిలాన్. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరిక ఇదే. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దీన్ని ఆఫ్రికా బంధువుతో సంకరం చేసి రూపొందించిన రకాల్లో టిఫ్‌వే 1960లో విడుదలైంది. ఇళ్లలోనూ ఆట మైదానాల్లోనూ అది ఇప్పటికీ పెరుగుతోంది.

గడ్డిని ఎన్నిసార్లు కోసినా చావకపోవడానికి కారణం దాని నిర్మాణంలో ఉంది. చాలా మొక్కలకు ఎదిగే కణజాలం కొమ్మ చివర ఉంటుంది. గడ్డికి అది నేలకు ఆనుకుని, ఆకు మొదట్లో ఉంటుంది. కొన పోయినా కింది నుంచి ఆకు పైకి నెట్టుకొస్తుంది. కోట్ల ఏళ్లుగా పశువులు మేస్తూ వచ్చిన మొక్కకు అబ్బిన గుణమిది. అయితే ఆకే దాని వంటిల్లు. ఒకేసారి మూడో వంతుకు మించి కోస్తే కొత్త ఆకుల కోసం వేళ్లలో దాచుకున్న ఆహారాన్ని ఖర్చు చేస్తుంది, వేళ్లు బలహీనపడతాయి.

ఈ మూడో వంతు సూత్రం యంత్రం ఎంపికలోకి నేరుగా వస్తుంది. నేల మీద పాకే బెర్ముడాను ఒకటి, రెండు అంగుళాల ఎత్తులో ఉంచుతారు. చల్లని ప్రాంతాల టాల్ ఫెస్క్యూను మూడు అంగుళాలకు పైనే వదిలేయాలి. కనుక తన పెరట్లో ఏ గడ్డి ఉందో తెలుసుకుని, డెక్ ఆ ఎత్తుకు దిగుతుందో లేదో చూడాలి. కోసిన తుంపులను నేల మీదే వదిలేసే మల్చింగ్ ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. తుంపుల్లో ముప్పావు వంతుకు పైగా నీరే. మిగిలినది కుళ్లి, పచ్చికకు ఏడాదికి కావలసిన నత్రజనిలో దాదాపు పాతిక శాతాన్ని తిరిగి ఇస్తుంది. సంచుల్లో నింపి చెత్తబండికి ఇవ్వడమంటే కొన్న ఎరువును పారబోయడమే.

ఇంగ్లండులోని స్ట్రౌడ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంటు తీసుకున్న తొలి లాన్ మోవర్ కత్తెరలా కోసేది. ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించే మిల్లు యంత్రం చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. ఇప్పటి రైడింగ్ మోవర్ పని వేరు. దాని బ్లేడు ఆకును వేగంతో కొట్టి తెంపుతుంది. బ్లేడు వెనుక అంచు పైకి వంగి ఉండటం వల్ల డెక్ లోపల గాలి పైకి లేచి, పడుకున్న గడ్డిని నిలబెడుతుంది. మొద్దుబారిన బ్లేడు ఆకును చీలికలు చేస్తుంది. రెండు రోజులకు పచ్చికంతా కొనలు ఎండి గోధుమరంగుకు తిరగడం దాని గుర్తు.

ఎద్దుల మలుపు

గృహావసరాలకు రెండు రకాలు ముఖ్యం. ముందు ఇంజన్, స్టీరింగ్ చక్రం ఉన్నది లాన్ ట్రాక్టర్. పేరులో ట్రాక్టర్ ఉంది కదా అని నాగలి కట్టి దున్నవచ్చనుకుంటే దాని గేర్‌పెట్టె తట్టుకోదు. ఆ పనికి గార్డెన్ ట్రాక్టర్ అని బరువైన రకం వేరే ఉంది. రెండోది జీరో టర్న్. దీనికి స్టీరింగ్ ఉండదు, రెండు లీవర్లు ఉంటాయి. వెనుక చక్రాలు రెంటికీ విడివిడిగా హైడ్రాలిక్ పంపు, మోటారు ఉండి, ఏ చక్రం ఎంత వేగంతో తిరగాలో ఆ చేతి లీవరు నిర్ణయిస్తుంది.

అరక తోలిన వాళ్లకు ఈ సూత్రం కొత్తేమీ కాదు. ఎడమకు మళ్లించాలంటే దాపటెద్దును నిలిపి వలపటెద్దును నడిపిస్తారు. జీరో టర్న్ ఇంకో అడుగు ముందుకు వేసి, లోపలి చక్రాన్ని వెనక్కి కూడా తిప్పుతుంది. దాంతో యంత్రం ఉన్నచోటనే బొంగరంలా తిరుగుతుంది. చెట్లు, పూలపాదులు ఎక్కువగా ఉన్న పెరట్లో ఇది సమయం బాగా ఆదా చేస్తుంది. లాన్ ట్రాక్టర్ మలుపు దగ్గర వదిలేసిన గడ్డిని మళ్లీ వెనక్కి వచ్చి కోయాలి.

ఆ సౌలభ్యానికి మూల్యం వాలు మీద చెల్లించాలి. జీరో టర్న్ ముందు చక్రాలు సూపర్ మార్కెట్ తోపుడుబండి చక్రాల్లా ఎటు పడితే అటు తిరుగుతాయి, దిశ చూపవు. నడిపించడం, మళ్లించడం, ఆపడం అన్నీ వెనుక చక్రాల పట్టు మీదే ఆధారపడ్డాయి. తడి గడ్డి మీద అవి జారితే నడిపేవారి చేతిలో ఇక ఏమీ ఉండదు. వాలు కిందుగా చెరువో, రాతిగోడో ఉన్న ఇంటికి జీరో టర్న్ కొనకపోవడమే మేలు.

ఎంత వాలు ఎక్కువ? తయారీదారులు సాధారణంగా 15 డిగ్రీలను హద్దుగా చెబుతారు, కొన్ని నమూనాలకు ఇంకా తక్కువ. నాలుగు అడుగుల చెక్కను ఒక చివర వాలు మీద ఆనించి, రసమట్టంతో సమంగా పట్టుకుని, రెండో చివర నుంచి నేలకు ఉన్న ఎత్తు కొలవాలి. అది 13 అంగుళాలకు చేరితే 15 డిగ్రీలు వచ్చినట్టే.

ఈ హద్దు మరీ జాగ్రత్తగా పెట్టినట్టు అనిపించవచ్చు. 200 కిలోల యంత్రం గరిమనాభి నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందని, చక్రాల మధ్య దూరంలో సగం 38 సెంటీమీటర్లని అనుకుందాం. నిలిపి ఉంచినప్పుడు అది 43 డిగ్రీల దాకా పక్కకు పడదు. 75 కిలోల మనిషి ఎక్కితే, అతని గరిమనాభి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, రెండూ కలిసి 54 సెంటీమీటర్లకు చేరతాయి, హద్దు 35 డిగ్రీలకు పడిపోతుంది. పై చక్రం రాయెక్కి కింది చక్రం గుంటలో పడితే, అదే క్షణంలో మలుపు తిప్పితే, మిగిలిన తేడా కూడా హరించుకుపోతుంది. అందుకే రైడింగ్ మోవర్‌ను వాలు మీద పైకీ కిందకీ నడపాలి, అడ్డంగా నడపకూడదు. తోపుడు మోవర్‌కు నియమం సరిగ్గా తలకిందులు: అడ్డంగానే నడవాలి, లేకపోతే కాలు జారితే బ్లేడు కిందకు పోతుంది. బోల్తా పడినా మనిషిని కాపాడే ఇనుప కమాను ఉన్న యంత్రం మీద బెల్టు తప్పక పెట్టుకోవాలి. కమాను లేనిదాని మీద బెల్టు పెట్టుకుంటే యంత్రంతోపాటే కింద నలిగిపోతారు.

డాలస్ చుట్టుపక్కల నేల గురించి ఒక మాట. ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాలు ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ మీద. అక్కడి నల్లమట్టి, దక్కన్ నల్లరేగడి ఒకే తరగతికి చెందినవి. వాన పడితే ఉబ్బి జిగటగా మారుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. తడిగా ఉన్నప్పుడు బరువైన యంత్రం దింపితే చక్రాల గాళ్లు పడి, మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి అందదు. రెండు రోజులు ఆగడం మంచిది.

ఒళ్లో పిల్లలు వద్దు

స్కూటరు ముందు పిల్లవాణ్ణి నిలబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పి తేవడం తెలుగు ఇళ్లలో ముద్దుగా సాగే పని. మనవడి దగ్గరకు వెళ్లిన తాతయ్యకు రైడింగ్ మోవర్ మీద కూడా అదే చేయాలనిపిస్తుంది. ఇక్కడ ఒప్పుకోకూడదు. అమెరికా భద్రతా ప్రమాణం బ్లేడు కొన వేగానికి నిమిషానికి 19,000 అడుగుల హద్దు పెట్టింది, అంటే గంటకు సుమారు 347 కిలోమీటర్లు. గులకరాయి తగిలితే తూటాలా బయటకొస్తుంది. కుదుపుకు పిల్లవాడు జారితే పడేది డెక్ పక్కనే.

ఏటా వేలమంది పిల్లలు మోవర్ గాయాలతో అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వస్తున్నారు. పాదాలు, వేళ్లు కోల్పోయేవాళ్లు వారిలో ఉంటారు. యంత్రం వెనక్కి వస్తున్నప్పుడు వెనకాలే పరుగెత్తుకొచ్చిన పసివాళ్లకు జరిగే ప్రమాదాలు అన్నిటికన్నా ఘోరం. ఒకసారి ఒళ్లో ఎక్కించుకుంటే, ఆ చప్పుడు వినగానే పిల్లవాడు మళ్లీ ఎక్కడానికి పరుగున వస్తాడు. నడిపేవారికి ఇంజన్ మోతలో పిలుపు వినబడదు. రైడింగ్ మోవర్‌ను 16 ఏళ్లు నిండనివారు నడపకూడదని, ఆరేళ్లలోపు పిల్లలు ఆ సమయంలో ఇంట్లోనే ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన. సీటు మీంచి లేస్తే బ్లేడు ఆగే స్విచ్, వెనక్కి వెళ్లేటప్పుడు బ్లేడు తిరగకుండా ఆపే ఏర్పాటు ఉన్నాయా అని కొనేముందు చూడాలి. విసుగనిపించి వాటి తీగలు తప్పించినవారు ఉన్నారు, పాత యంత్రం కొనేటప్పుడు దీన్ని ప్రత్యేకంగా పరీక్షించాలి.

పెట్రోలా, బ్యాటరీనా?

హార్స్‌పవర్ అంకెకు పెద్దగా పడిపోనక్కరలేదు. తయారీదారులు దాన్ని ఎక్కువ చేసి చూపిస్తున్నారన్న దావా అమెరికా కోర్టులో నడిచి 2010లో రాజీతో ముగిసింది. 42 అంగుళాల డెక్‌కు 17 నుంచి 20 హార్స్‌పవర్ సరిపోతుంది.

బ్యాటరీ యంత్రానికి లెక్క యూనిట్లలో వేయాలి. 48 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 4.8 యూనిట్ల విద్యుత్తు ఉంటుంది. ఒక గ్యాలన్ పెట్రోలులో దాదాపు 33 యూనిట్ల శక్తి ఉన్నా, చిన్న ఇంజన్ అందులో నాలుగైదో వంతునే పనిగా మారుస్తుంది, మిగిలింది వేడి. అందువల్ల పోటీ కనిపించినంత ఏకపక్షం కాదు. ఎకరం దాకా బ్యాటరీ సులువుగా నెట్టుకొస్తుంది. గడ్డి ఏపుగా పెరిగినా, వాలెక్కినా చార్జి త్వరగా దిగుతుంది.

వాణిజ్య వాడకపు పెట్రోలు మోవర్ ఒక గంట నడిస్తే, పొగమంచు కలిగించే కాలుష్యం విషయంలో కారు 300 మైళ్లు తిరిగినంత పని చేస్తుందని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్క. ఇది హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి. కార్బన్ డయాక్సైడ్‌కు ఈ పోలిక వర్తించదు. కార్లకున్న కాలుష్య నియంత్రణ పరికరాలు ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి లేకపోవడమే ఇంత తేడాకు కారణం. ఆ రాష్ట్రం 2024 మోడల్ నుంచి ఇలాంటి చాలా కొత్త ఇంజన్లకు సున్నా ఉద్గారాల నియమం పెట్టింది. మోత కూడా తక్కువేమీ కాదు. 85 డెసిబెళ్లను రోజుకు 8 గంటలు భరించవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణుల సూత్రం, ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 91 డెసిబెళ్ల ఇంజన్ దగ్గర రెండు గంటలే. చెవులకు రక్షణ ఉండాల్సిందే.

పెట్రోలు యంత్రం కొన్నవాళ్లు పంపు దగ్గర ఇథనాల్ శాతం చూడాలి. చిన్న ఇంజన్లలో 10 శాతం మించింది పోయకూడదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో నిలిస్తే కార్బ్యురేటర్ పాడవుతుంది. చలికాలానికి ముందు స్టెబిలైజర్ కలపాలి, లేదా ఖాళీ చేసి పెట్టాలి. లిథియం బ్యాటరీ యంత్రానికి వేరే జాగ్రత్త: ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కన్నా తక్కువున్నప్పుడు చార్జింగ్ పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ చెడుతుంది. మంచు పడే రాష్ట్రాల్లో బ్యాటరీని బయటి షెడ్డులో వదలకుండా, సగం చార్జితో ఇంటి లోపల ఉంచి, మార్చిలోనో ఏప్రిల్‌లోనో తొలి కోతకు ముందు నింపుకుంటారు.