ఆసుపత్రి దూరమైనా చేతులు దగ్గరే

ఓబులదేవరచెరువు దగ్గర శనక్కాయ చేలో పనిచేస్తున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలాడనుకోండి. పిలిస్తే పలకడు. చుట్టూ చేరినవారు ముఖాన నీళ్లు చల్లుతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, ఆటో కోసం పరుగెడతారు.

నా సర్వీసులో అలా ఆటోలో వచ్చినవారిని చాలామందిని చూశాను. "దారిలో ఎవరైనా ఛాతీ నొక్కారా?" అని అడిగితే, "మాకేం తెలుసు సార్, బిర్న ఏసుకొచ్చినాం" అంటారు. తప్పు వారిది కాదు. ఎవరూ వారికి నేర్పలేదు. నేర్పవలసినవారిలో నేనూ ఒకణ్ణి.

గుండెపోటు, గుండె ఆగడం ఒకటేనా?

కాదు. గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతే గుండెపోటు. మనిషి నొప్పి అంటాడు, చెమటలు పడతాయి. అప్పుడే 108కి ఫోన్ చేయండి. గ్యాసని సోడా తాగించి పడుకోబెట్టకండి. గుండె ఆగితే మాత్రం క్షణాల్లో స్పృహ పోతుంది. శ్వాస ఆగుతుంది, లేదా ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి వస్తుంది. దాన్ని చూసి మోసపోకండి.

రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పుట్టపర్తిలో 1991 నుంచి పెద్ద గుండె ఆసుపత్రి ఉంది. 2005లో మొదలైన 108 ఉంది. అయినా ఆ కొద్ది నిమిషాల్లో పల్లెకు చేరడం కష్టం. ఆ కాస్త సమయం మీ చేతుల్లోనే ఉంది.

ఏం చేయాలి?

1. భుజం తట్టి పిలవండి. పలకక, మామూలుగా శ్వాస తీయకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి.

2. గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. నులకమంచం పనికిరాదు.

3. ఛాతీ నడుమ అరచేతి మడమ ఆనించి, దానిపై రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండు అంగుళాల లోతు నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి.

4. రెండు నిమిషాలకొకసారి మనిషి మారండి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు.

నీట మునిగినవారికి, పిల్లలకు నోటితో ఊపిరి ఊదడం కూడా అవసరం.

"పక్కటెముక విరిగితే?" అంటారా? విరగవచ్చు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన ప్రాణం తిరిగిరాదు. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సెన్ 2021 జూన్ 12న మైదానంలోనే కూలిపోయాడు. అక్కడికక్కడే ఛాతీ నొక్కారు, విద్యుత్ షాక్ ఇచ్చారు. బతికి, మళ్లీ ఆట ఆడాడు. షాకిచ్చే యంత్రం మన పల్లెల్లో లేకపోవచ్చు. చేతులు ప్రతి ఇంటా ఉన్నాయి.

ఈ ఆదివారం నేలమీద దిండు పెట్టి, ఇంటిల్లిపాదీ ఒక్క పది నిమిషాలు అభ్యాసం చేయండి.