ఫినామినాలజీ - మనస్సును గురించిన సమకాలీన చర్చ

ఫినామినాలజీని తెలుగులో దృగ్విషయ శాస్త్రం అని కూడా అనువదిస్తారు. ఈ పాఠంలో మూల పదాన్నే వాడదాం. హుస్సర్ల్ 1900-01లో ప్రచురించిన 'తార్కిక పరిశోధనలు' గ్రంథంతో ఈ చింతన మొదలైంది. ఆయన తన గురువు బ్రెంటానో నుంచి ఒక భావన తీసుకున్నాడు: చైతన్యం ఎప్పుడూ దేనినో గురించిన చైతన్యమే. చూడటమంటే దేనినో చూడటం, కోరడమంటే దేనినో కోరడం. ఈ లక్షణాన్ని విషయోన్ముఖత అంటారు.

ఫినామినాలజీ అంటే కళ్ళు మూసుకుని మనసులోకి తొంగి చూసుకోవడమని విద్యార్థులు తరచు రాస్తుంటారు. అది సరికాదు. నాకు ఈ రోజు ఏమనిపించింది అనేది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరి అనుభవమైనా ఏ నిర్మాణంతో ఉంటుంది అనేది ప్రశ్న. ఆ నిర్మాణాన్ని జాగ్రత్తగా వర్ణించకుండా మనస్సుకు సిద్ధాంతం కడితే, మనం వివరిస్తున్నది అసలు మనస్సునేనా అనే సందేహం మిగిలిపోతుంది. దీనిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ష్నైడర్ మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక భాగంలో గాయపడిన జర్మన్ సైనికుడు. గెల్బ్, గోల్డ్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు అతనిని పరీక్షించారు. దోమ కుడితే అతని చేయి తటాలున ఆ చోటికే పోయేది. తోలు పర్సులు కుట్టే పని కూడా చేసేవాడు. కాని, కళ్ళు మూసి ముక్కును వేలితో చూపించమంటే చూపించలేకపోయేవాడు. చేయి చాపమంటే ముందు ఒళ్ళంతా కదిపి, చేయి ఎక్కడుందో వెతుక్కుని, ఆ తర్వాత చాపేవాడు.

ఇక్కడ చిక్కు ఏమిటో గమనించండి. ముక్కు ఎక్కడుందో అతనికి తెలుసా, తెలియదా? తెలుసు అంటే చూపించలేకపోవడం అర్థం కాదు. తెలియదు అంటే దోమను కొట్టుకోవడం అర్థం కాదు. దోమ విషయం కేవలం ప్రతిచర్య, చూపించడం ఆలోచన అని విడగొడదామా? అలాగైతే పర్సు కుట్టడం ఏ గదిలో పెట్టాలి? అది యాంత్రికమైన ప్రతిచర్య కాదు, అడుగడుగునా ఆలోచించి చేసేదీ కాదు.

మెర్లో-పాంటీ 1945లో వెలువరించిన 'ప్రత్యక్ష జ్ఞాన ఫినామినాలజీ'లో ఈ కేసును విస్తారంగా చర్చించాడు. శరీరానికి తనదైన విషయోన్ముఖత ఉంది, అది భావాల ద్వారా కాక చలనం ద్వారానే వస్తువును అందుకుంటుంది అని ఆయన నిర్ణయం. ఇది రోగులకే పరిమితం కాదు. మీ ఇంటి వంటగది స్విచ్ బోర్డులో లైటు స్విచ్ ఎన్నోది? చాలామంది వెంటనే చెప్పలేరు. చీకట్లో చేయి మాత్రం దాని మీదికే పోతుంది.

ఇది మనస్సును గురించిన నేటి వాదాలకు ఎందుకు ముఖ్యం? ఇరవయ్యవ శతాబ్దం రెండో సగంలో మనస్సును కంప్యూటర్ ప్రోగ్రాముతో పోల్చే సిద్ధాంతాలు బలపడ్డాయి. వాటి ప్రకారం తెలుసుకోవడమంటే లోపల కొన్ని గుర్తులు ఉండటం, వాటిని నియమాల ప్రకారం మార్చడం. హ్యూబర్ట్ డ్రైఫస్ 1972లో 'కంప్యూటర్లు చేయలేనివి' అనే పుస్తకంలో దీనిని ఎదిరించాడు. నైపుణ్యం నియమాల జాబితా కాదని ఆయన వాదం. అందుకు ఆయన హైడెగర్, మెర్లో-పాంటీల మీద ఆధారపడ్డాడు. నేటి యంత్రాలు నియమాల జాబితాలతో కాక ఉదాహరణల నుంచి నేర్చుకుంటున్నాయి కనుక, ఆ విమర్శ వాటికీ వర్తిస్తుందా అన్నది వేరుగా తేల్చవలసిన ప్రశ్న.

నాడీ శాస్త్రంలో గుడేల్, మిల్నర్ 1991లో ప్రకటించిన పరిశోధన కూడా ఇక్కడ చెప్పుకోదగినది. కార్బన్ మోనాక్సైడ్ వల్ల మెదడు దెబ్బతిన్న ఒక మహిళ, ఎదుటి చీలిక నిలువుగా ఉందో ఏటవాలుగా ఉందో చెప్పలేకపోయింది. కార్డును అందులో వేయమంటే మాత్రం చేతిని సరిగ్గా తిప్పి వేసింది. గుర్తుపట్టడానికి, పని చేయడానికి మెదడులో వేర్వేరు దృష్టి మార్గాలున్నాయని వారి వివరణ. మెర్లో-పాంటీ రుజువైపోయాడని తొందరపడి రాయకండి. ఇది మెదడు యంత్రాంగానికి సంబంధించిన వివరణ. ఆయన చెప్పింది అనుభవపు తీరు. ఒకటి రెండోదాని స్థానాన్ని తీసుకోగలదా అన్నదే అసలు వివాదం.

డానియల్ డెనెట్ తీసుకోగలదనే పక్షం. ఒకరు తన అనుభవం గురించి చెప్పే మాటలు కేవలం దత్తాంశాలు, అవి నిజమో కాదో శాస్త్రం తేల్చాలి అంటాడు. ఈ అభ్యంతరం బలమైనదే. అయితే ష్నైడర్ విషయంలో సాక్ష్యం అతని మాటల్లో కంటే అతని చేతుల్లోనే ఎక్కువగా ఉంది. పైగా 'చూపించడం', 'అందుకోవడం' వేరువేరు పనులని ముందుగా గుర్తించనిదే శాస్త్రజ్ఞుడు ఆ పరీక్షను రూపొందించలేడు.

ష్నైడర్ కేసు నివేదికలను తర్వాతి కాలంలో కొందరు పరిశోధకులు సందేహించారు. కనుక మీ జవాబులో వాదాన్ని ఆ ఒక్క కేసు మీదే నిలబెట్టవద్దు. 1991 నాటి పరిశోధనను, డెనెట్ అభ్యంతరాన్ని కూడా చేర్చి చర్చించండి.