ఊపిరితిత్తులలో చప్పుడు చేయక పెరుగు కేన్సరు

వేలికి ముల్లు గ్రుచ్చుకొనిన వెంటనే తెలియును. ఊపిరితిత్తిలో రేగుపండంత గడ్డ పెరిగినను మనిషికి తెలియకపోవచ్చును. ఊపిరితిత్తుల లోపలి కణజాలములో నొప్పిని తెలుపు నాడులు దాదాపు లేవు. వాటిని కప్పియున్న పై పొరకు మాత్రమే ఆ శక్తి కలదు. గడ్డ ఆ పొరను తాకువరకు నొప్పి ఉండదు.

ఊపిరితిత్తుల కేన్సరులలో నేడు ఎక్కువగ కనిపించు రకము ఎడినోకార్సినోమా. గ్రీకుభాషలో 'ఎడెన్' అనగా గ్రంథి. ఇది జిగురు మొదలగు స్రావములను తయారుచేయు కణములనుండి పుట్టి, సాధారణముగ పెద్ద గాలిగొట్టములకు దూరముగ, ఊపిరితిత్తి అంచులవైపున పెరుగును. అందుచే మొదట దగ్గుకూడ రాకపోవచ్చును. పొగాకునకును ఊపిరితిత్తుల కేన్సరునకును గల సంబంధమును 1950లో బ్రిటనులో డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. చుట్ట, బీడీ, సిగరెట్టు మూడును దోషులే. అయితే ఎన్నడును పొగత్రాగనివారికి వచ్చు ఊపిరితిత్తుల కేన్సరులలో ఎక్కువభాగము ఈ రకమే. 'నాకు చుట్ట అలవాటు లేదు' అను ధైర్యము ఇక్కడ పూర్తిగ పనికిరాదు.

గడ్డ పెరిగిన పిమ్మట గుర్తులు బయటపడును: వారములతరబడి తగ్గని దగ్గు, కళ్లెలో నెత్తురు చార, ఆయాసము, ఛాతీనొప్పి, కారణము లేక బరువు తగ్గుట. గొంతు బొంగురుపోవుట వింతగ తోచవచ్చును. స్వరపేటికను కదల్చు ఎడమవైపు నాడి మెడనుండి ఛాతీలోనికి దిగి, బృహద్ధమని క్రిందుగ మలుపు తిరిగి మరల పైకి పోవును. ఆ మలుపువద్ద గడ్డ ఒత్తినచో గొంతు మారును.

కొందరికి వేళ్లకొనలు ఉబ్బి, డోలు వాయించు పుల్ల కొనవలె గుండ్రనగును. దీనికి తరగతిలోనే చేయదగిన పరీక్ష కలదు. రెండు చూపుడువేళ్ల కొనలను గోళ్లవైపున ఒకదానికొకటి ఆనించినచో, ఆరోగ్యవంతునకు గోళ్ల మొదళ్లవద్ద పేకముక్కలోని డైమను గుర్తువంటి చిన్నసందు కనిపించును. వేళ్లు ఉబ్బినచో ఆ సందు మూసికొనిపోవును. దక్షిణాఫ్రికా హృద్రోగ వైద్యుడు షామ్రాత్ దీనిని తన వేళ్లమీదనే గమనించి 1976లో ప్రకటించెను. గుండెజబ్బులు మొదలగువాటిలో కూడ ఇట్లే జరుగును గనుక, సందు మూసికొనినంతనే కేన్సరని భయపడరాదు, వైద్యునికి చూపవలెను.

మన దేశములో మరియొక చిక్కు కలదు. దగ్గు, నెత్తురు, చిక్కిపోవుట క్షయకును గుర్తులే. ఎక్స్‌రే చిత్రములో రెండును మచ్చలుగనే కనిపించవచ్చును. కళ్లెలో క్రిములు కనబడకున్నను క్షయమందులు వాడుచు విలువైన నెలలు పోగొట్టుకొనిన కేన్సరు రోగులు ఉన్నారు. రెండు వారములు దాటిన దగ్గునకు కళ్లెపరీక్ష చేయించవలెను. క్రిములు లేనపుడు, లేక మందులకు గుణము కనిపించనపుడు, సీ.టీ. స్కాను తీయించి, అనుమానమున్నచో గడ్డనుండి సూదితో చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలసియుండును. తీర్పు చెప్పునది ఆ ముక్కయే.

గడ్డ చిన్నదిగ ఉన్నపుడే దొరికినచో శస్త్రచికిత్సతో తీసివేయవచ్చును. వ్యాపించిన పిదపను ఆ ముక్క ఉపయోగపడును. ఈ కేన్సరు కొందరిలో ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువులోని మార్పువలన పెరుగుచున్నదని 2004లో తెలిసినది. అట్టి మార్పు ఉన్నవారికి, దానినే గురిపెట్టి పనిచేయు మాత్రలు ఇచ్చుచున్నారు.